మడుగులో రెండు ఈలలు

అమావాస్యనాడు మిర్యాలగూడలో వడ్ల గిర్ని నడవదు. బండ్లు కట్టరు, హమాలీలు బస్తా ఎత్తరు. గిర్నిలో ఇంజన్ నడిపే ఐలయ్యకు నెలలో ఉన్న సెలవు అదొక్కటే. అతనికి ఉన్న సరదా కూడా ఒక్కటే, గుండ్రటి తోలు పుట్టిలో కూర్చుని ఏట్లో గాలం వేయడం. అమావాస్యనాడు నీళ్ల మీదికి పోవద్దని పెద్దలు చెప్తారు. సెలవు మరో రోజు దొరకదు గనుక అతను ఆ రోజే పోయేవాడు.

1949 వైశాఖ అమావాస్యనాడు పొద్దు పొడవగానే అతను స్నేహితుడి భార్య గోపమ్మ ఇంటికి వచ్చి, సైకిల్ మీది సామాను దించి అరుగు మీద పరిచాడు. గోపమ్మ తమ్ముడు సైదులు పండ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. సైదులు కోదాడలో సైకిల్ షాపులో పని చేస్తాడు. ఐలయ్యతో ఏటికి పోవడానికి ముందురోజు సాయంత్రమే వచ్చాడు.

"ఏందన్నా ఇదంతా? చేపలకు పోతున్నామా, కాపురం పెట్టడానికి పోతున్నామా?"

"నవ్వుడు అయినంక ఒక్కొక్కటి ఎందుకో అడుగు," అన్నాడు ఐలయ్య.

ఎండిన సొరకాయ బుర్రలు రెండు జతలు ఉన్నాయి. జతను చంకల కింద పెట్టుకుని తాడును రొమ్ము మీద ముడి వేసుకోవాలి. ఊపితే లోపల గింజలు గలగలమనాలి. గింజలు ఉన్నాయంటే బుర్రను ఎవరూ తొలవలేదని, నీళ్లు పట్టదని అర్థం. మూతికి మాటు వేసిన కిరసనాయిలు డబ్బా ఒకటి, దాని చెవికి కొబ్బరి తాడు. నడుముకూ పుట్టి అంచుకూ కట్టుకోవడానికి వేరే తాళ్లు. తెడ్లు రెండు, ఒకటి కొట్టుకుపోతే ఇంకొకటి. నీళ్లు తోడడానికి ముంత. తాడు చిక్కుపడితే కోయడానికి చాకు. మైనం గుడ్డలో చుట్టిన అగ్గిపెట్టె, ధోతి, బెల్లం గడ్డ. సూర్యాపేట సంతలో కొన్న రేకు ఈలలు రెండు.

ఒక ఈలను సైదులు చేతిలో పెట్టాడు. "ఇది బుర్రల తాడుకు కట్టుకో. నీళ్లల్ల పడితే మూడుసార్లు ఊదాలె. ఒకటి గాదు, రెండు గాదు. మూడు."

"ఒక్కసారి ఊదితే రావా?"

"మూడు," అన్నాడు ఐలయ్య.

గోపమ్మ సద్ది మూట తెచ్చి సైకిల్ హ్యాండిల్‌కు కట్టింది. ఆమె నుదుట బొట్టు ఉంది, చేతులకు గాజులు ఉన్నాయి.

"అన్నా, వీణ్ని ఎట్ల తీస్కపోతున్నవో అట్ల తేవాలె. పుట్టింటోళ్లల్ల నాకు మిగిలింది వీడే."

"తెస్త చెల్లె."

"సీటి వినొస్తే వీనిగ్గూడ వినిపియ్యి. వాళ్ల బావ సీటి వీడు గుర్తువడ్తడు."

ఐలయ్య తల ఊపాడు. సైకిళ్లు కదిలాయి.

గోపమ్మ భర్త వీరేశం అదే గిర్నిలో వడ్లు పోసే తొట్టి దగ్గర పని చేసేవాడు. ఇంజన్ గది గోడకు అవతల ఉండేది. ఆ చప్పుడులో కేక వేస్తే వినపడదు. వీరేశం రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేవాడు, గోపమ్మ సీటి అన్నది దాన్నే. ఒకటి వేస్తే ఇంజన్ నడపాలి. మూడు వేస్తే ఉన్నపళంగా ఆపాలి. తిరిగే ఇంజన్ పటాలో ఎవరి చెయ్యో, ఎవరి పంచో పడితే మూడు. ఐలయ్య ఏళ్ల తరబడి ఆ ఈలను బట్టే ఇంజన్ నడిపాడు. అమావాస్య వస్తే ఇద్దరూ కలిసి గాలాలు పట్టుకుని ఏటికి పోయేవారు.

కిందటేడు శ్రావణ అమావాస్యకు ఇంజన్ మరమ్మతు ఉండి ఐలయ్య ఆగిపోయాడు. వీరేశం ఒక్కడే వాడపల్లి పోయి కృష్ణలో పుట్టి దించాడు. బుర్రలను రేవులో గుంజకు తగిలించి పోయాడు. ఒడ్డునే గాలం వేసి వచ్చేవానికి బుర్రలెందుకు అన్నాడట. ఏరు అప్పుడు నిండుగా ఉంది. సాయంత్రానికి పుట్టి దిగువన ఒక బండకు ఆనుకుని బోర్లా దొరికింది. మనిషి దొరకలేదు.

అవి రజాకార్ల రోజులు. అవతలి ఒడ్డు వేరే రాజ్యం. ఇంట్లో చెప్పకుండా ఏరు దాటి అవతలి ఊళ్లలో తలదాచుకున్నవాళ్లు చాలామంది. పోలీస్ యాక్షన్ అయ్యాక, దసరా నాటికి, వాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. చనిపోయాడనుకుని దినం చేసిన మనిషి ఒకడు చిలుకూరులో తన ఇంటి ముందు నిలబడి తలుపు కొట్టాడు. ఆ కబురు గోపమ్మ విన్నది. భర్తకు దినం చేయనన్నది. పీనుగను చూపిస్తే గాజులు తీస్తానన్నది. చూపించడం ఎవరి వల్లా కాలేదు.

దసరా తర్వాతి అమావాస్యకు ఐలయ్య మళ్లీ ఏటికి పోయాడు. కొత్తగా కొన్న రేకు ఈల ఎంత దూరం వినపడుతుందో చూద్దామని ఏటిలోని మడుగు మధ్యలో మూడుసార్లు ఊదాడు. అవతలి బండల వైపు నుంచి జవాబు వచ్చింది. వేళ్లతో వేసే ఈల. రెండుసార్లు వచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రమే గోపమ్మకు చెప్పాడు. ఆమె లేచి నిలబడింది. "రెండుసార్లు ఊదిండంటే మనిషి ఉన్నట్టే గద అన్నా." మరునాడు ఐలయ్య గిర్నికి సెలవు పెట్టి అవతలి ఒడ్డుకు పోయి ఊరూరా అడిగాడు. అలాంటి మనిషిని చూశామన్నవాళ్లు లేరు. ఆ తర్వాత కూడా ప్రతి అమావాస్యకూ రెండు ఈలలు వస్తూనే ఉన్నాయి. అతను వచ్చి చెప్తూనే ఉన్నాడు. ఒక్క మాట మాత్రం గోపమ్మకు చెప్పలేదు. ఈల వచ్చినప్పుడు అటువైపు పుట్టి తిప్పింది లేదు.

దానికి కారణం మైసయ్య. వాడపల్లి రేవులో పుట్లు బాడుగకిచ్చేది అతనే. ఐలయ్యా సైదులూ రేవు చేరేసరికి పుట్టిని బోర్లించి తోలు మీద తారు పూస్తున్నాడు. సైదులును కింది నుంచి మీదికి చూశాడు.

"ఈడెవడు?"

"గోపమ్మ తమ్ముడు. కోదాడల ఉంటడు," అన్నాడు ఐలయ్య.

"నమస్కారం తాతా. పుట్టి గట్టిదేనా?" అన్నాడు సైదులు.

"నీ కోదాడ లారీ కంటె గట్టిది. ఆంధ్రోళ్ల మాట పట్టిందే నీకు. ఈతొస్తదా?"

"వస్తుంది. చెరువులో ఈదా."

"చెరువుల ఎడ్లు గూడ ఈదుతయ్." మైసయ్య కుంచెను బండ మీద పెట్టాడు. "సూడు బిడ్డా. మడుగుల పిలుపు వినొస్తది. నా చిన్నతనం సంది వింటున్న. అప్పుడు మునిగినోళ్లల్ల ఒకని పేరు చెప్పేటోళ్లు, ఇప్పుడు ఇంకొకని పేరు చెప్తున్నరు. రెండుసార్లు పిలిస్తే అది నీళ్లు. మూడుసార్లు పిలిస్తే మనిషి. మూడోది వచ్చేదాక పలుకొద్దు, పోవద్దు."

"పోతే ఏమైతది?"

"పోయినోళ్లు వచ్చి చెప్పలే."

సైదులు నవ్వాడు. ఐలయ్య నవ్వలేదు. ఊళ్లో వేళకాని వేళ పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుదాకా ఎవరూ పలకరు. గిర్నిలో కూడా మూడు ఈలలు వస్తేనే ఆపద. మొదటిసారి విన్నప్పుడే మైసయ్య మాట అతనికి కొత్తగా అనిపించలేదు.

ఏరు ఎండాకాలానికి తగ్గి బండలు బయటపడ్డాయి. బండల మధ్య మడుగు మాత్రం అలాగే ఉంది. రెండు తెడ్లు కలిపి కట్టి దించినా అడుగు అందదని మైసయ్య చెప్తాడు. ఐలయ్య సైదులుకు బుర్రలు కట్టి ముడి లాగి చూశాడు. నడుముకు తాడు కట్టి రెండో కొసను పుట్టి అంచుకు కట్టాడు. తనకూ అలాగే కట్టుకున్నాడు. మైనం గుడ్డ మూటను డబ్బా చెవికి కట్టి డబ్బాను కాళ్ల మధ్య పెట్టుకున్నాడు, చాకును మొలలో దోపుకున్నాడు.

"మా మేకను గూడ ఇంత కట్టెయ్యం," అన్నాడు సైదులు.

"మేక గాలం వెయ్యదు. కూసో. నిలబడితే పుట్టి తిరుగుతది."

మడుగులోకి పోయి గాలాలు వేశారు. రెండు జెల్లలు, ఒక బొచ్చె పడ్డాయి. సైదులు బొచ్చెను పైకెత్తి కోదాడలో తన సేటు మొహం ఇలాగే ఉంటుందన్నాడు. సద్ది తిన్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. గాలి ఆగిపోయింది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గాలి ఆగితే సాయంత్రం దుమారం వస్తుందని ఐలయ్యకు తెలుసు. గాలాలు చుట్టేద్దామన్నాడు.

"ఈల ఊదకుండానే పోతామా? అక్క అడిగితే ఏం చెప్పాలి?"

ఐలయ్య తన ఈలను తీసి మూడుసార్లు ఊదాడు. చప్పుడు బండలకు తగిలి తగ్గిపోయింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. గాలపు తాళ్ల నుంచి నీళ్లు కారి పుట్టి తోలు మీద పడుతున్నాయి.

అవతలి వైపు నుంచి వచ్చింది. వేళ్ల ఈల. ఒకటి. కొంత ఆగి ఇంకొకటి.

సైదులు మొహంలో నవ్వు పోయింది. "బావ," అన్నాడు. "అన్నా, బావ అది. నాకు తెలీదా ఆ ఈల?"

"కూసో."

"కూసోవడం ఏంది? మనిషి అక్కడుంటే!" తెడ్డు అందుకున్నాడు. తెడ్డు వేస్తుంటే మోచేతులు బుర్రలకు తగులుతున్నాయి. ముడి లాగి బుర్రలను విప్పి పుట్టిలో పడేశాడు. నడుము తాడు తెడ్డుకు చుట్టుకుంటే దాన్నీ విప్పాడు. పుట్టి ఒక చుట్టు తిరిగి అటువైపు సాగింది.

ఐలయ్య రెండో తెడ్డును నీళ్లలో దించి పుట్టిని ఆపాడు. "మూడోది రాలే."

"ముసలాయన మాట పట్టుకొని కూచున్నావా? ఇన్నాళ్లూ ఇట్లనే కూచున్నావా నువ్వు?"

"బుర్రలు కట్టుకో సైదులూ."

"అక్కకు చెప్తున్నవుగా, ఈల విన్నా, ఈల విన్నా అని. పోయి చూసింది ఎన్నడు?"

"ముందుగాల బుర్రలు కట్టుకో. మీ అక్కకు మాటిచ్చిన."

సైదులు తెడ్డును పక్కన పెట్టాడు. బుర్రల కోసం వంగాడు. అప్పటికి పడమటి ఒడ్డు కనపడటం లేదు. దుమ్ము ఏటి మీదుగా గోడలాగా వస్తోంది. ఐలయ్య కేక వేయబోయాడు. గాలి పుట్టి అంచు కిందికి దూరి లేపింది. పుట్టి బోర్లపడింది.

ఐలయ్య మునిగి తేలాడు. బుర్రలు అతన్ని పైకి తెచ్చాయి. నడుము తాడు పట్టుకుని పుట్టి దగ్గరికి చేరి దాని అంచు పట్టుకున్నాడు. డబ్బా తాడు చేతికి తగిలింది, అందుకున్నాడు. సైదులు బుర్రలు పక్కన తేలుతున్నాయి. ఆ తాడుకు రేకు ఈల వేలాడుతోంది. సైదులు లేడు.

పేరు పెట్టి పిలిచాడు. గాలి ఆ పిలుపును నోటి దగ్గరే తీసుకుపోయింది. దుమ్ములో చెయ్యి చాచినంత మేరకే కనిపిస్తోంది. అల వస్తే ఊపిరి పట్టాడు, అల పోతే పిలిచాడు. ఈల తీసి ఊదాడు.

జవాబు వచ్చింది. వేళ్ల ఈల. అవతలి బండల వైపు నుంచి, ఎప్పుడూ వచ్చే చోటు నుంచే. ఒకటి.

ఐలయ్య పుట్టి అంచును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. సైదులుకు ఇచ్చింది రేకు ఈల. దాని గొంతు వేరు. అది ఇక్కడే తేలుతోంది. ఇది వీరేశం ఈల.

రెండోది వచ్చింది.

మూడోదాని కోసం చెవి పెట్టాడు. అల వచ్చింది, పోయింది. ఇంకో అల వచ్చింది, పోయింది. మూడోది రాలేదు. రాదని అతనికి తెలుసు. దసరా నుంచి ఎన్నడూ రాలేదు. సైదులు వేరే వైపు ఉండవచ్చు. అటు పోతే ఇటువైపు ఉన్న మనిషి దక్కడు. అటు పోతే తానూ రాకపోవచ్చు.

అతను చాకు తీసి నడుము తాడు కోశాడు. పుట్టిని వదిలాడు. డబ్బాను ముందుకు నెడుతూ ఈల వచ్చిన వైపు కాళ్లు కొట్టాడు.

బండ మొదట చేతికి తగిలింది. దాని మీద పాచి. తడుముతూ పోతే గుడ్డ తగిలింది. సైదులు ఎడమ చెయ్యి బండ సందులో ఇరుక్కుని ఉంది. తల నీళ్లలోకి వాలింది. కుడి చేతి రెండు వేళ్లు ఇంకా పెదవుల మధ్యే ఉన్నాయి.

ఐలయ్య అతని తలను డబ్బా మీదికి ఎత్తాడు. ఊపిరి సన్నగా ఆడుతోంది. తాడును చంకల కింద నుంచి తిప్పి డబ్బాకు కట్టాడు. దుమారం తగ్గేదాకా ఆ బండను పట్టుకునే ఉన్నాడు. మైసయ్య ఇంకో పుట్టిలో వచ్చాడు. ఇద్దరూ కలిసి సైదులును ఒడ్డుకు చేర్చి, బోర్లా పడుకోబెట్టి వీపు ఒత్తారు. నీళ్లు కక్కాడు. దగ్గాడు. మైనం గుడ్డ విప్పితే అగ్గిపెట్టె తడవలేదు. చితుకులు ముట్టించి, ధోతి కప్పి, బెల్లం నోట్లో పెట్టారు.

"రెండింటికే పోయినవా?" అన్నాడు మైసయ్య.

"పోయిన."

మైసయ్య ఏరు వైపు చూసి ఉమ్మాడు.

మసక పడే వేళకు వాళ్లు మిర్యాలగూడ చేరారు. సైకిల్ తొక్కే ఓపిక లేక సైదులు ఐలయ్య వెనక కూర్చుని వచ్చాడు. గోపమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. దుమారం ఇక్కడా వచ్చింది, పక్కింటి రేకులు లేచిపోయాయి. ఆమె తమ్ముడి తల పట్టుకుని చూసింది, చేతులు చూసింది. లోపలికి పోయి నీళ్లు పెట్టింది, అన్నం వడ్డించింది.

తినేటప్పుడు సైదులు చెప్పాడు. పుట్టి తిరగబడ్డాక గాలి తనను బండల వైపు కొట్టిందన్నాడు. "పుట్టి ఎటుందో, ఒడ్డు ఎటుందో ఏమీ తెలీలేదు అక్కా. ఒక చెయ్యి బండ సందులో పెట్టి ఆనుకున్నా. ఈల కొట్టా."

"రేకుదా?"

"అది బుర్రలతో పోయింది. వేళ్లతో కొట్టా, బావ లాగా. చిన్నప్పుడు నేర్పిండుగా."

ఐలయ్య అన్నం మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

"ఎన్ని కొట్టినవ్?" అంది గోపమ్మ.

"రెండు. అన్న మూడు ఊదమన్నాడు. గుర్తుంది. మూడోది కొడదామని ఊపిరి తీస్తే నోట్లోకి నీళ్లొచ్చినయ్. ఇగ అంతే."

గోపమ్మ చేతిలో చారు గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టింది.

"నీళ్లల్ల ఉన్నోనికి రెండే అందుతయన్నట్టు," అంది.

ఐలయ్య వైపు తిరిగింది.

"అన్నా. నువ్వు విన్నయి గూడ రెండే గద."

"రెండే చెల్లె."

"ఒక్కపారి గూడ మూడు రాలే?"

"రాలే."

ఆమె గిన్నె తీసుకుని ఐలయ్య విస్తట్లో చారు పోసింది. తినమంది. అతను తిన్నాడు. సైదులు అక్క మొహం వైపు చూశాడు, విస్తరి వైపు చూశాడు. చేతులు కడుక్కున్నాక ఆమె గడప మీద కూర్చుంది.

"సైదులూ, పొద్దుగాల మోతెకు పో. మీ బావోళ్ల అన్నకు చెప్పు, తమ్మునికి దినం పెట్టుకుందామని అక్క అన్నదని."

"అక్కా, నువ్వే కదా..."

"వద్దన్నది నేనే. ఇప్పుడు నేనే చెప్తున్న. వచ్చేటప్పుడు మంగలాయనకు గూడ చెప్పిరా."

సైదులు ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. అతని తల తుడవలేదని, తడి వెంట్రుకలతో పడుకుంటే జ్వరం వస్తుందని చెప్పి తువ్వాలు ఇచ్చింది.

ఐలయ్య లేచాడు. అరుగు మీద మిగిలిన సామాను మూట కట్టాడు. గోపమ్మ వెనకనే వచ్చి నిలబడింది.

"మల్ల అమావాస్యకు పోతరా?"

పోతానో పోనో అతను అప్పటిదాకా అనుకోలేదు. "పోత," అన్నాడు.

"వాడు గూడ వస్తనంటడు. రానియ్యి. బుర్రలు విప్పనియ్యకు."

"విప్పనియ్య."

"వినొస్తదా ఇగ?"

"తెల్వదు చెల్లె."

ఆమె మూట ముడి బిగించి ఇచ్చింది.

"వినొస్తే నాకు చెప్పకన్నా," అంది.

చెప్పనన్నాడు ఐలయ్య.